ఉరికే నీళ్లకు ఏ కయాక్? కొనేముందు ఎలా చూసుకోవాలి

చెరువులో తిప్పే పొడవాటి కయాక్ వేరు, రాళ్ల మధ్య ఉరికే నీళ్లలోకి దించే వైట్‌వాటర్ కయాక్ వేరు. మన వరంగల్ నుంచి రిషికేశ్‌కో, కోజికోడ్ వైపు చాలిపుళకో వెళ్లొచ్చి, ఆ ఊపులో సెకండ్‌హ్యాండ్ బోటు కొనేసేవాళ్లు రంగు, రేటు చూస్తారు గానీ తమ బరువు చూసుకోరు. గొడవంతా అక్కడే మొదలు.

సామాను సంగతి రెండు ముక్కల్లో. తల మీద అటూఇటూ కదలని హెల్మెట్, భుజాల దగ్గర పట్టి లాగితే పైకి జారిపోని లైఫ్ జాకెట్, తెడ్డు, నడుముకు తొడుక్కుని బోటు నోరు మూసే స్ప్రే స్కర్ట్.

బోటు రకాలు కూడా కష్టమేమీ కాదు. క్రీక్ బోట్ లావుగా, ముక్కు పైకి లేచి ఉంటుంది, నిటారుగా దూకే నీళ్లలో మునిగినా వెంటనే తేలుతుంది. ప్లేబోట్ ఆరడుగుల చుట్టూ ఉండే పొట్టిది, ఒకే అల మీద ఆడుకోవడానికి. మధ్యరకం రివర్ రన్నర్. ముందు లావు, వెనక పలచన ఉండే హాఫ్ స్లైస్ సరదాగానే ఉంటుంది, కానీ తోకను నీళ్లు పట్టేస్తే బోటు నిలువునా లేస్తుంది. అడుగు గుండ్రంగా ఉంటే పక్క నుంచి నీళ్లు తగిలినా మెల్లగా ఒరుగుతుంది, చదునుగా ఉండి అంచులు పదునుగా ఉంటే చురుగ్గా తిరుగుతుంది, ఏమరుపాటుగా ఉంటే అంతే చురుగ్గా బోర్లా పడేస్తుంది. మొదటి బోటు రివర్ రన్నరే కొనాలి. ప్లేబోట్‌తో మొదలుపెడితే త్వరగా నేర్చుకుంటారని చెప్పేవాళ్లుంటారు, వాళ్ల మాట వినకండి.

ఇక అసలు పని. ప్రతి మోడల్‌కూ కంపెనీ ఒక బరువు పరిధి ఇస్తుంది. మీరు 75 కిలోలు, పరిధి 55 నుంచి 80 అనుకోండి. సరిపోయింది అనుకుంటారు. తడి బట్టలు, నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే తాడు సంచి, నీళ్ల సీసా కలిపితే ఇంకో ఐదారు కిలోలు, అంటే పరిధి అంచుకు చేరారు, లేదా దాటేశారు. బోటు లోతుగా కూర్చుంటుంది, ప్రతి సుడీ తోకను లాగుతుంది. మరీ పెద్దది కొన్నా కష్టమే, చిన్న మనిషి ఒరిగినా బోటు ఒరగదు. నిటారు నదులకైతే పరిధి మధ్యలోనో, కాస్త కిందనో ఉండండి.

కాగితం మీద కుదిరిందని డబ్బులు ఇచ్చేయకండి. అనుమతి ఉన్న చెరువులో, నడుము లోతు నీళ్లలో, గేరంతా వేసుకుని కూర్చోండి. ముందు పాదాల పలక సర్దాలి, నదిలో వేసుకునే బూట్లతోనే. తర్వాత తుంటి పక్కన ఫోమ్, మోకాళ్లు పైకి నొక్కితే తొడలు బోటు లోపల వాటిని పట్టి ఉంచే కొక్కేలకు ఆనాలి. ఒడ్డున ఉన్న మనిషిని పక్క నుంచి చూడమనండి, ముక్కు కాస్త పైకి ఉండాలి. ముక్కు గుచ్చుకుంటుంటే సీటు వెనక్కి, తోక మునుగుతుంటే ముందుకు. ఆ తర్వాత కావాలనే బోర్లా పడండి, పక్కన ఈత వచ్చినవాడు ఉండగానే. స్కర్ట్ లూప్, అంటే లాగి స్కర్ట్ ఊడదీసే ముందు పట్టీ, బయటే ఉందా? లోపలికి మడిచేస్తే తలకిందులుగా ఉన్నప్పుడు చేతికి దొరకదు. లూప్ లాగి, బోటును తొడల మీంచి తోసి బయటికి రాగలగాలి. కాళ్లు ఒక్క క్షణం ఇరుక్కున్నా ఫోమ్ కొంత తీసేసి మళ్లీ పడండి. బిగువుగా ఉంటేనే కంట్రోల్ అని గొప్పలు పోయేవాళ్లు ఈ పరీక్ష చేయరు.

ఈ బోటు తెచ్చి వానాకాలంలో మన చెక్‌డ్యాంల మీంచి దూకించకండి, ఎంత మంచి క్రీక్ బోటైనా సరే. కింద నీళ్లు వెనక్కే తిరుగుతూ బోటునూ మనిషినీ అక్కడే తిప్పుతుంటాయి.

పాతది కొంటుంటే సీటు తీయించి కింద చూడండి. రాళ్లకు ఎక్కువ అరిగేది అక్కడే. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంటే బేరం కూడా ఆడొద్దు.