టర్బైన్ మాన్యువల్‌లో దొరకని ఆయిల్ శుద్ధి యంత్రం

ఒడిశాలో రాయగడ, దమన్‌జోడి వైపు ప్లాంట్లలో తిరిగేవి ఆవిరి టర్బైన్లు. కానీ పర్లాకిమిడి, బరంపురం ఐటీఐల్లో చదివిన మన కుర్రాళ్లు కొందరు గ్యాస్ టర్బైన్ల దగ్గర పనికి కుదురుతుంటారు. వాళ్లు ఫోను చేసి అడిగేది తరచూ ఒకటే: "అన్నా, ల్యూబ్ ఆయిల్ శుద్ధి చేసే స్కిడ్ కాగితాలు ఎక్కడా లేవు." ల్యూబ్ ఆయిల్ అంటే బేరింగులకు వెళ్లే కందెన నూనె; స్కిడ్ అంటే పంపు, మోటారు, ఫిల్టరు ఒకే ఫ్రేము మీద బిగించిన యంత్రం.

సమస్య: టర్బైన్ మాన్యువల్ మొత్తం తిరగేసినా ఆ స్కిడ్ ఊసే లేదు.

కారణం: చాలాచోట్ల అది టర్బైన్‌తో పాటు రాలేదు. తర్వాత విడిగా కొని ఆయిల్ ట్యాంకుకు పక్కదారిలో కలిపారు. టర్బైన్ తయారీదారు తన పంపులు, కూలర్లు, మెయిన్ ఫిల్టర్ల వరకే రాస్తాడు.

పరిష్కారం: ముందు డ్రాయింగ్ చూడండి. జీఈ (అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్) డిజైన్ యంత్రాల్లో పరికరాల జాబితా డ్రాయింగ్ నంబరు 0414, ల్యూబ్ ఆయిల్ పైపింగ్‌ది 0416. మన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ తయారు చేసిన గ్యాస్ టర్బైన్లూ చాలావరకు ఆ డిజైన్‌వే. స్కిడ్ ట్యాగ్ (ప్లాంటులో దానికిచ్చిన గుర్తు నంబరు) ఈ రెండింటిలో లేకపోతే ఇక టర్బైన్ పుస్తకాలు మూసేయండి. స్టోర్స్‌లో కొనుగోలు ఆర్డరు ఫైలు, కమిషనింగ్ (మొదటిసారి నడిపి అప్పగించిన) రికార్డు అడగండి. మాన్యువల్ సాధారణంగా ఆర్డరుకు జత చేసిన కట్టలోనే పడి ఉంటుంది.

సమస్య: తయారీదారుకు రాస్తే "ఈ నంబరు మాది కాదు" అంటున్నారు.

కారణం: మీరు పంపింది మోటారు నంబరు. స్కిడ్ మీద మోటారుకో ప్లేటు, పంపుకో ప్లేటు, ఫ్రేముకో ప్లేటు ఉంటాయి. అందరి కళ్లూ మోటారు ప్లేటు మీదే పడతాయి, మెరుస్తూ ఉంటుంది కనుక.

పరిష్కారం: కావలసింది ఫ్రేము ప్లేటు. దాన్ని రంగు వేసేవాళ్లు బ్రష్‌తో కప్పేసి ఉంటారు, ఇదొక దేశవ్యాప్త దురలవాటు. యంత్రం ఆగి చల్లబడ్డాక, థిన్నర్‌లో తడిపిన గుడ్డతో మెల్లగా తుడిస్తే చెక్కిన అంకెలు తేలుతాయి. అక్షరాలు రంగుతో ముద్రించిన ప్లేటైతే థిన్నర్ వద్దు, అక్షరాలూ పోతాయి. టార్చి పక్కనుంచి వాలుగా వేసి ఫోటో తీయండి. మోడల్, సీరియల్ నంబరు, తయారీ సంవత్సరం మూడూ కలిపి పంపాలి.

కంపెనీ పేరే మాయమైతే కొత్త యజమానిని వెతకాలి. ఆల్‌స్టామ్ విద్యుత్ వ్యాపారం 2015లో జీఈకి వెళ్లింది, 2024 నుంచి జీఈ వెర్నోవా అయింది. ఫిల్టర్ల కంపెనీ పాల్‌ను 2015లో డానహర్ కొన్నది.

సమస్య: స్కిడ్ తిరుగుతోంది, నీటి శాతం బాగుంది, అయినా సర్వో వాల్వు (నూనె ఒత్తిడితో టర్బైన్‌ను అదుపు చేసే సున్నితమైన వాల్వు) పట్టేస్తోంది.

కారణం: దొరికిన మాన్యువల్ సరైనదే, యంత్రమే ఈ పనికి కాదు. మీ స్కిడ్ వాక్యూమ్ డీహైడ్రేటర్ (నూనెలోంచి నీటిని లాగేసే యంత్రం) అయితే అది నీటిని తీస్తుంది, నూనెలో కరిగిన వార్నిష్‌ను, అంటే నూనె పాడై ఏర్పడే జిగురును, తీయదు. చాలా గ్యాస్ టర్బైన్లలో బేరింగులకూ హైడ్రాలిక్ కంట్రోలుకూ ఒకే ట్యాంకు నూనె, అందుకే దెబ్బ వాల్వుకు తగులుతుంది.

పరిష్కారం: ఇక్కడ కావలసిన కాగితాలు వేరు. వార్నిష్ పరీక్షకు ఏఎస్‌టీఎం (అమెరికా పరీక్షా ప్రమాణాల సంస్థ) డి7843, వాడుకలో ఉన్న టర్బైన్ ఆయిల్ పరిశీలనకు డి4378, ధూళి కణాల లెక్కకు ఐఎస్ఓ 4406. కరిగిన వార్నిష్‌ను పట్టేది రెసిన్ ఎలిమెంటు, అంటే రెసిన్ నింపిన ఫిల్టరు గొట్టం. దాన్ని మార్చేటప్పుడు, పాతది పారేసే ముందు మూత మీది పార్ట్ నంబరు ఫోటో తీసి రిజిస్టరులో అంటించండి.