మీ జట్టు డిఫెన్స్‌లో లోతు ఎంతుందో చూడటం ఎలా

అమెరికా ఈస్ట్‌లో శనివారం సాయంత్రం ఏడున్నరకి మొదలయ్యే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట (బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది) మనకి ఆదివారం తెల్లారి ఐదుకి వస్తుంది. నవంబర్‌లో వాళ్ల గడియారం మారాక ఆరు. మారతహళ్లిలో మా ఫ్లాట్ తలుపుకి తగిలించిన సంచిలో నందిని పాలు పడే వేళకి నేను లాప్‌టాప్ ముందుంటాను. ఎమ్మెస్ చేసి తిరిగొచ్చి పద్నాలుగేళ్లయినా కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి వదల్లేదు. ఈ ఏడు మా అక్క కొడుకు కూడా అదే యూనివర్సిటీలో చేరాడు. మొన్న ఫోన్: "మామా, మన డిఫెన్స్‌లోకి నలుగురు ఫోర్ స్టార్లు వచ్చినారంట. ఇంక ఢోకా లేదు కదా?"

ఉందిరా అబ్బీ. ఫోర్ స్టార్ అంటే హైస్కూల్ నుంచి తెచ్చుకునే రిక్రూట్లకి ఐదుకి వేసే మార్కుల్లో నాలుగు, అంతే. డిఫెన్స్, అంటే అవతలివాళ్లని ఆపే పదకొండుమంది, నిలవాలంటే లోతు కావాలి: ఒకడు అలిసినా, దెబ్బతిన్నా బదులు దించడానికి పనికొచ్చేవాడుండాలి. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి పదకొండు గళ్లు గీయండి. ముందు ఎదురుగా ఢీకొనే నలుగురు లైన్‌మెన్, వాళ్ల వెనక ఇద్దరు లైన్‌బ్యాకర్లు, చివర పాస్‌లని కాచే ఐదుగురు కార్నర్లు, సేఫ్టీలు. పాస్‌లు పెరిగాక చాలా జట్లకి ఇదే మామూలు వరుస అయిపోయింది. ఒక్కో గడిలో రెండు పేర్లు రాయాలి. ముందు వరుసలో మధ్యనుండే ఇద్దర్నీ టాకిళ్లంటారు, ఆ రెండు గళ్లలో మాత్రం మూడేసి.

పేర్లు జట్టు ఇచ్చే డెప్త్ చార్ట్‌లో (ఏ స్థానానికి ఎవరు ముందు, ఎవరు తరువాత అనే పట్టీ) దొరుకుతాయి, కానీ దాన్ని పూర్తిగా నమ్మొద్దు. రెండు పేర్ల మధ్య 'ఆర్' (or, ఇతను లేదా అతను) అని పెడతారు చూడండి, అది కోచ్‌ల గడుసుతనం. ఇద్దరూ సమానమైన మొనగాళ్లు కావొచ్చు, ఇద్దరూ తేలకపోయి ఉండొచ్చు, లేదా రెండోవాడు అలిగి వేరే జట్టుకి పోకుండా బుజ్జగింపు కావొచ్చు. అందుకే ప్రతి పేరు పక్కన నిరుడు ఎన్ని ఆటల్లో దిగాడో, ఏ సమయంలో దిగాడో రాస్తాను. నలభై పాయింట్ల ఆధిక్యం వచ్చాక చివరి పది నిమిషాలు దిగినవాడికి నా కాగితంలో సున్నా. కొత్త కుర్రాడి పక్కన 4 కనిపిస్తే మాత్రం తీసిపారేయకండి. 2018లో వచ్చిన నిబంధన ప్రకారం నాలుగు ఆటల దాకా ఆడినా, రెడ్‌షర్ట్ (ఒక ఏడు పక్కన కూర్చోబెట్టడం) కింద కాలేజీలో ఆడగలిగే ఏళ్లలోంచి ఆ ఏడు ఖర్చు కాదు. వాణ్ణి దాచిపెట్టారన్నమాట.

ఇక అసలు సంగతి మధ్య గళ్లు. అక్కడ నిలబడేవాడు 300 పౌండ్ల మనిషి, అంటే 136 కిలోలు. ఒక ఆటలో డిఫెన్స్ దాదాపు 70 సార్లు తలపడాలి, వాడి మీదికి చాలాసార్లు ఇద్దరొస్తారు. ఇద్దరితో ఈ బండి నడవదు. కనీసం నలుగురు నమ్మకస్తులు కావాలి. వేగం ఉన్న కార్నర్ మొదటి ఏడే ఆడేయొచ్చు. ఈ బరువు పనికి పద్దెనిమిదేళ్ల పిల్లాడు సాధారణంగా చాలడు, జిమ్‌లో ఒకటి రెండేళ్లు పడుతుంది. కాబట్టి రిక్రూట్ల జాబితాలో స్టార్లకంటే ముందు టాకిళ్లు ఎంతమందో, మూడేళ్ల జాబితాలూ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టండి. ఒక ఏడు ఒక్కణ్ణీ తేకపోతే ఆ గొయ్యి రెండేళ్ల తర్వాత కనబడుతుంది. స్టార్లంటారా, తరువాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో పేరు మోసిన డిఫెన్స్ ఆటగాడు జె.జె. వాట్‌కి హైస్కూల్లో ఇచ్చినవి రెండే. సెంట్రల్ మిషిగన్ యూనివర్సిటీలో అఫెన్స్ (దాడి చేసే) వైపు టైట్ ఎండ్‌గా ఆడి, విస్కాన్సిన్‌కి స్కాలర్‌షిప్ లేకుండా వెళ్లి డిఫెన్స్‌లోకి మారాడు. 2011లో ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 11వ పేరు వాడిదే.

ఆట నడుస్తుంటే ఒక పని చేయండి. నాలుగో క్వార్టర్‌లో బంతిని వదిలేసి ఆ మధ్య ఇద్దర్నే చూడండి. విజిల్ పడగానే చేతులు నడుం మీదికి పోతున్నాయా? తరువాతి స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) చెయ్యి నేలకి ఆనించేలోపే బంతి కదిలిపోతోందా? రెండేళ్ల కిందట మావాళ్లు మూడో క్వార్టర్ దాకా పది పాయింట్లు పైన ఉన్నారు. తరువాత అవతలి జట్టు మనుషుల్ని మార్చకుండా గబగబా ఆడేసింది. వాళ్లు మారిస్తేనే మనకీ మార్చుకునే వ్యవధి రిఫరీ ఇస్తాడు, లేకపోతే అలసినవాడు లోపలే చిక్కుకుపోతాడు. రెండు గజాల్లో ఆగాల్సిన పరుగులు ఆరేసి గజాలు పోయాయి. ఆ పూట కాఫీ కూడా గొంతు దిగలేదు.

ఈ కాగితం పెన్సిల్‌తోనే రాయాలి. హైస్కూల్ పిల్లలు చాలామంది ఏ కాలేజీకి ఆడతారో డిసెంబర్‌లోనే సంతకం పెట్టేస్తారు. తరువాత ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చుకునే జాబితా. 2026లో అది జనవరి 2 నుంచి 16 దాకే తెరిచారు, వేసవికి ముందుండే రెండో విడత ఎత్తేశారు. కోచ్ మారిన జట్ల సంగతి వేరే. కాబట్టి ఫిబ్రవరిలో చెరిపి మళ్లీ రాయండి. ఇంకొకటి, 2025లో ఆటగాళ్లకి డబ్బులిచ్చే విషయంలో కోర్టు ఒప్పందం వచ్చాక 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, ఒప్పందంలో చేరిన జట్లకి మొత్తం 105 మంది అనే హద్దు వచ్చింది. అంతకుముందు సొంత ఖర్చుతో ఆడే వాక్-ఆన్‌లు కొన్ని జట్లలో ఇంకా ఎక్కువుండేవాళ్లు. సాధనలో దెబ్బలు కాచేది వాళ్లే. అది నాకు మంచిదనిపించలేదు.

నిన్న మావాడు తన కాగితం ఫోటో వాట్సాప్‌లో పంపాడు. "మామా, టాకిల్ గడిలో మూడో పేరే దొరకడంల్యా." అఫెన్స్ జాబితా కూడా చూడమన్నా. నిరుడు అక్కడ గార్డుగా (అఫెన్స్ ముందు వరుసలో) ఆడినవాణ్ణి ఈ గడిలోకి తోశారంటే, సీజన్ టికెట్ డబ్బులు ఇప్పుడే కట్టొద్దన్నా.