నోటిదాకా వచ్చి ఆగిపోయే మాట: మెనోపాజ్ మతిమరుపును దారికి తెచ్చుకోవడం

కత్తెర కోసం పక్క గదిలోకి వెళ్తారు. గుమ్మం దాటేసరికి ఎందుకొచ్చారో గుర్తుండదు. రోజూ పిలిచే పేరే నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఒకే పేరా మూడుసార్లు చదివినా తలకెక్కదు. నలభై దాటాక, నెలసరి ముందూ వెనకా కావడం మొదలైన రోజుల్లో వచ్చే ఈ తికమకనే బ్రెయిన్ ఫాగ్ అంటున్నారు. ఇది డిమెన్షియాకు, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్రమంగా దెబ్బతినే జబ్బుకు, మొదలేమోనని చాలామంది లోలోపల హడలిపోతారు. ఈ వయసులో డిమెన్షియా అరుదు. అమెరికాలో 1990లలో మొదలైన స్వాన్ అధ్యయనం ఆడవాళ్లను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చింది. నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి (మెనోపాజ్) ముందు నడిచే దశ పెరిమెనోపాజ్. ఆ దశలో మందగించిన నేర్చుకునే శక్తి, మెనోపాజ్ దాటాక మళ్లీ పుంజుకుంటోందని 2009లో వెలువడిన ఫలితాల్లో తేలింది.

జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోకాంపస్‌లోనూ, ధ్యాసను నడిపే మెదడు ముందుభాగంలోనూ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌కు పని ఉంది. పెరిమెనోపాజ్‌లో అది మెల్లగా, ఒక తీరుగా తగ్గదు. ఒక నెల ఎగసి, ఇంకో నెల పడిపోతుంది. రాత్రిళ్లు ఆవిర్లొచ్చి, అంటే ఒళ్లు ఒక్కసారిగా వేడెక్కి చెమట పట్టి, నిద్ర ముక్కలవుతుంది. తెల్లారాక ధ్యాస నిలవదు. తాళాలు పెట్టిన చోటు మరిచిపోయామనుకుంటాం గానీ, అసలు పెట్టేటప్పుడే ఆ సంగతి బుర్రలో పడలేదు. పడనిదాన్ని తర్వాత ఎంత తవ్వినా దొరకదు. కాబట్టి శ్రమంతా గుర్తుతెచ్చుకోవడం మీద కాదు, బుర్రలో పడేలా చూడటం మీద పెట్టాలి.

ముందు రెండు వారాలు రాయండి

రోజుకు ఒక్క వరస చాలు: రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఆవిర్లు, నెలసరి సంగతి, కాఫీ టీలు తాగిన వేళ, వేసుకున్న మందులు, బుర్ర మొద్దుబారిన సమయం. "మంగళవారం. రెండుసార్లు లేచాను, చెమట. సాయంత్రం ఆరుకి కాఫీ. బుధవారం పదకొండుకి మీటింగులో మాట తట్టలేదు." ఇలా రాస్తే సరిపోతుంది. చెడ్డ రాత్రి తర్వాతే చెడ్డ పగలు వస్తోందంటే ముందు చూసుకోవాల్సింది నిద్రని. బాగా పడుకున్నా రోజంతా మబ్బుగానే ఉంటే నెపం మెనోపాజ్ మీదకు నెట్టేయకుండా రక్తపరీక్షలు చేయించాలి.

అడగాల్సినవి: హిమోగ్లోబిన్, ఇనుము నిల్వ చూపే ఫెర్రిటిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, విటమిన్ బీ12, చక్కెరకు హెచ్‌బీఏ1సీ. ఈ దశలో నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లకు ఇనుము నిల్వలు తరిగిపోతాయి. హిమోగ్లోబిన్ బాగానే కనిపిస్తూ ఫెర్రిటిన్ అడుగంటి ఉండొచ్చు కాబట్టి రెండూ చూడాలి. చక్కెర జబ్బుకు వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. 45 దాటి, లక్షణాలు స్పష్టంగా ఉన్నవాళ్లకు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష సాధారణంగా దండగ. ఆ అంకె రోజుకోలా ఉంటుంది.

మందుల జాబితా కూడా డాక్టరు ముందు పెట్టండి. జలుబుకీ దురదకీ వాడే క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సీబ్యూటినిన్ జ్ఞాపకశక్తికి కావలసిన అసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనానికి అడ్డుపడతాయి. మీ అంతట మీరు మానేయకండి, బదులు ఏముందో అడగండి. గట్టిగా గురక పెట్టి పొద్దున తలనొప్పితో లేస్తుంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా సంగతీ చెప్పాలి. మెనోపాజ్ తర్వాత అది పెరుగుతుంది.

నిద్ర

పడుకునే వేళ కంటే లేచే వేళ ముఖ్యం. సెలవు రోజైనా అదే వేళకు లేవండి. చివరి కాఫీకీ పడకకీ మధ్య కనీసం 8 గంటలుండాలి, ఎందుకంటే తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. గది చల్లగా ఉంచి, ఒక్క మందపాటి దుప్పటి బదులు రెండు పలచటివి కప్పుకోండి, ఆవిరి రాగానే ఒకటి తోసేయొచ్చు. నిద్ర కోసం మద్యం తాగడం మాత్రం పెద్ద పొరపాటు. తొందరగా పట్టిన నిద్ర అర్ధరాత్రి చెదిరిపోతుంది, ఆవిర్లూ ఎక్కువవుతాయి.

పగటిపూట పద్ధతులు

రాసుకోవడానికి ఒక్కటే చోటు. ఫోన్లో కొంత, డైరీలో కొంత, ఫ్రిజ్ మీద చీటీల్లో కొంత రాస్తే ఏది ఎక్కడ రాశామో గుర్తుపెట్టుకోవడం ఇంకో పని అవుతుంది. పుస్తకమో ఫోనో ఒకటి ఎంచుకుని ఆరు వారాలు మార్చకండి.

పని మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచే ముందు ఐదు సెకన్లు ఆగి, తర్వాతి అడుగు రాయండి. "లెక్కలు చూడాలి" అని రాస్తే తిరిగొచ్చాక దేనికీ పనికిరాదు. "మార్చి లెక్క, 14వ వరస దాకా సరిచూశా, ఇక మొత్తం వేయాలి" అని రాస్తే వచ్చి కూర్చోగానే చెయ్యి ఆడుతుంది.

స్టవ్ కట్టేశామా, తలుపు వేశామా అన్న అనుమానం తీరాలంటే చేసేటప్పుడు దాన్ని చూస్తూ పైకి అనండి, ఆ రోజుకే చెందిన ఒక గుర్తు కలపండి: "శుక్రవారం, నీలం బట్టలు, స్టవ్ కట్టేశాను." రోజూ ఒకేలా చేసే పని కాబట్టి నిన్నటి జ్ఞాపకం ఇవాళ్టిదానిలో కలిసిపోతుంది. నీలం బట్టలే రెండిటినీ విడదీస్తాయి. వినడానికి వింతగా ఉన్నా, మళ్లీ మళ్లీ వెనక్కొచ్చి చూసుకునే బాధ తగ్గుతుంది.

అలారంకు పేరు పెట్టండి, అందులో చేయాల్సిన పని ఉండాలి: "డాక్టరుకి ఫోన్ చెయ్యి." పని అయ్యేదాకా ఆపొద్దు, పది నిమిషాలకు వాయిదా వేయండి. రోజుకు పది అలారాలు పెడితే చెవులు అలవాటుపడి పట్టించుకోవు, మూడు నాలుగు దాటనివ్వకండి. మాత్రలకు ఏడు గళ్ల డబ్బా ఉంటే వేసుకున్నామా లేదా అన్నది గడే చెబుతుంది.

కొత్త పేరు వినగానే వెంటనే వాడండి, అర నిమిషం తర్వాత, రెండు నిమిషాల తర్వాత, పది నిమిషాల తర్వాత ఒక్కోసారి మనసులో తెచ్చుకోండి. మాట తట్టకపోతే గింజుకోవద్దు. ముందు తట్టిన తప్పుమాటే అడ్డంగా కూర్చుంటుంది. పేరు తట్టని వస్తువు దేనికి వాడతారో చెప్పి ముందుకు సాగిపోండి, కాసేపటికి ఆ మాట దానంతట అదే వస్తుంది. ముఖ్యమైన మీటింగుకు వెళ్లేముందు పేర్లూ, ఓ అయిదు కీలకమైన మాటలూ కాగితం మీద పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

బరువైన పని బుర్ర తేటగా ఉండే వేళకు జరపండి. ఆ వేళ ఏదో రెండు వారాల రాతలే చెబుతాయి. ఫోన్ వేరే గదిలో పెట్టి 25 నిమిషాలు ఒకే పని, ఆపైన 5 నిమిషాలు నడక.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాల వ్యాయామం నిద్రకీ మూడ్‌కీ పనికొస్తాయి. జ్ఞాపకశక్తి మాత్రల మీద డబ్బు పోయకండి. జింకో బిలోబా అనే చెట్టు ఆకుల మందు డిమెన్షియాను ఆపలేదని 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలోనే తేలింది. పైగా రక్తం పలచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం భయం ఉంది.

హార్మోన్ చికిత్స

ఒక్క మతిమరుపు కోసమే హార్మోన్లు ఇవ్వరు. ఆవిర్లు, నిద్రలేమి ఎక్కువగా ఉంటే ఇస్తారు, అవి సర్దుకుంటే బుర్రా తేలికపడొచ్చు. 60 ఏళ్లలోపు, లేదా నెలసరి ఆగిన 10 ఏళ్లలోపు మొదలుపెడితేనే ఎక్కువమందికి లాభం నష్టాన్ని మించుతుంది. 65 దాటాక మొదలుపెట్టినవాళ్లలో డిమెన్షియా ముప్పు పెరిగినట్టు 2003లో ఒక పెద్ద పరీక్ష చూపింది. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టోజెన్ అనే మరో హార్మోన్ కూడా తప్పనిసరి, లేకపోతే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయొచ్చు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం, కాలేయ జబ్బు ఉంటే ముందే చెప్పండి. అలాంటివాళ్లకు సీబీటీ అనే మాటల చికిత్స, హార్మోన్లు కాని మందులు ఉన్నాయి.

ఆగకుండా చూపించుకోవాల్సినవి

తెలిసిన దారిలోనే తప్పిపోవడం, అడిగిందే మళ్లీ అడగడం, ఎప్పుడూ చేసే లెక్కలు గజిబిజి కావడం, అది మీకంటే ముందు ఇంట్లోవాళ్లకు తెలియడం ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకోండి. నిరాశ వదలకపోయినా అంతే. ఉన్నట్టుండి మాట తడబడినా, మొహం ఒక పక్కకు వాలినా, ఒక చెయ్యి పడిపోయినా అది మెనోపాజ్ కాదు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. 40 లోపే నెలసరి ఆగితే దాని కథ వేరు, విడిగా పరీక్షలూ చికిత్సా కావాలి. ఏడాదిపాటు ఆగిన నెలసరి తర్వాత చుక్క రక్తం కనిపించినా చూపించుకోవాలి. వెళ్లేటప్పుడు ఆ రెండు వారాల కాగితం పట్టుకెళ్లండి, అక్కడ కూర్చున్నాక అడగాలనుకున్నది గుర్తురాకపోవచ్చు.