ఇంజన్ దింపే ముందు పీసీవీ వాల్వ్ చూడండి

బండి ఆయిల్ తాగుతోంది, ఇంజన్ కింద తడి కనిపిస్తోంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోంది అని చెప్పగానే మన షెడ్లలో మొదట వినిపించే మాట "రింగులు పోయినయన్నా, ఇంజన్ దింపాలె". నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపల చేరే గ్యాసును బయటికి లాగే దారిలోని చిన్న వాల్వ్) ఖరాబైనా ఇవే లక్షణాలు వస్తాయి. చాలా పెట్రోల్ కార్లకు ఆ వాల్వ్ వందల రూపాయల్లో దొరుకుతుంది. ఇంజన్ విప్పించే ముందు ఒక అరగంట దీని మీద పెట్టండి.

పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఎంత కొత్తవైనా, సిలిండర్‌లో మండిన గ్యాసు కొంత వాటి సందుల్లోంచి ఆయిల్ చాంబర్ వైపు దిగుతుంది. దీన్నే బ్లో-బై అంటారు. అందులో నీటి ఆవిరి, కాలని పెట్రోల్, మసి ఉంటాయి. పాతకాలపు కార్లలో దాన్ని గొట్టం పెట్టి రోడ్డు మీదికే వదిలేసేవాళ్లు. ఇప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి తీసుకెళ్లే గొట్టం) ఆ గ్యాసును పీసీవీ వాల్వ్ గుండా లాక్కుంటుంది, ఇంజనే దాన్ని మళ్లీ మండిస్తుంది. వాల్వ్ లోపల ఉండేది చిన్న ప్లంజరు, ఒక స్ప్రింగు. ఐడ్లింగ్‌లో వాక్యూమ్ (మానిఫోల్డ్ లాగే బలం) ఎక్కువ కాబట్టి ప్లంజరు దారిని ఇరుకు చేస్తుంది. రేస్ ఇస్తే వాక్యూమ్ తగ్గి దారి వెడల్పవుతుంది. అది మూసుకుని ఇరుక్కుంటే ఒక రకం తిప్పలు, తెరుచుకుని ఇరుక్కుంటే ఇంకో రకం.

ఆయిల్ బయటికి వస్తుంటే

టాపెట్ కవర్ (ఇంజన్ పైన ఉండే మూత) ప్యాకింగ్ దగ్గర తడి, క్రాంక్ ఆయిల్ సీల్ దగ్గర కారడం, డిప్‌స్టిక్ (ఆయిల్ చూసే పుల్ల) దానంతటదే పైకి లేవడం, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ మరకలు. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే గ్యాసు పోయే దారి మూసుకుపోయిందేమో అని అనుమానించాలి. బయటికి దారి లేక లోపల ప్రెషర్ పెరిగి, బలహీనంగా ఉన్న సీలులోంచి ఆయిల్‌ను తోస్తుంది. అందుకే కొత్త సీలు వేసినా కొన్నాళ్లకే మళ్లీ కారుతుంది. దారి తెరవకుండా సీళ్లు మారుస్తూ పోవడం డబ్బు దండగ.

ఇంజన్ ఐడ్లింగ్‌లో పెట్టి ఆయిల్ మూత తీయండి. ఆ రంధ్రం మీద పలుచటి అట్ట ముక్క ఉంచండి. మెల్లగా లోపలికి అతుక్కుంటే దారి బాగున్నట్టు. పైకి ఎగురుతుంటే ప్రెషర్ ఉన్నట్టు. తర్వాత వాల్వ్‌ను టాపెట్ కవర్ నుంచి ఊడదీసి, హోస్ అలాగే ఉంచి, దాని మూతి మీద వేలు పెట్టండి. గట్టిగా లాగాలి, ఐడ్లింగ్ కాస్త మారాలి. లాగకపోతే వాల్వ్ అయినా, హోస్ అయినా మూసుకుపోయింది. చెయ్యి, చున్నీ, చొక్కా అంచు ఫ్యాన్ బెల్టుకు దూరంగా ఉంచుకోండి.

వాల్వ్‌ను ఊపితే టకటకమనాలి అని అందరూ చెబుతారు. శబ్దం రాకపోతే అది పోయినట్టే, అంతవరకు నిజం. శబ్దం వచ్చినంత మాత్రాన బాగున్నట్టు కాదు, స్ప్రింగు మెత్తబడి ఉండొచ్చు. ఇనుప వాల్వ్‌ను కార్బ్ క్లీనర్‌తో కడిగి వాడేవాళ్లు ఉన్నారు. నా మాట వింటే కొత్తదే వేయండి. హోస్ కూడా చూడండి. ఆయిల్‌కు, వేడికి మెత్తబడిన రబ్బరు వాక్యూమ్‌కు లోపలికి నొక్కుకుపోతుంది. దాని బదులు చేతికి దొరికిన నీళ్ల పైపు ముక్క వేయొద్దు, ఆయిల్‌ను తట్టుకునే హోసే కావాలి.

ఐడ్లింగ్ ఊగుతుంటే, ఈల వినిపిస్తుంటే

ఇది తెరుచుకుని ఇరుక్కున్న వాల్వ్ లక్షణం, లేదా పగిలిన హోస్‌ది. నల్గొండలో మే నెల ఎండలకు, దాని మీద ఇంజన్ వేడికి, పాత రబ్బరు బీటలు వారడం మామూలే. లెక్కలో లేని గాలి లోపలికి పోయి ఐడ్లింగ్ ఎక్కువవుతుంది లేదా వణుకుతుంది. చెక్ ఇంజన్ లైట్ వెలిగి, స్కానర్‌లో పి0171 (పెట్రోల్‌కు తగ్గ గాలి కంటే ఎక్కువ గాలి పోతోందని చెప్పే కోడ్) అని రావచ్చు. ఆ కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేయకండి. ముందు పీసీవీ హోస్‌ను ప్లయర్‌తో మెల్లగా నొక్కి పట్టండి. ఐడ్లింగ్ అప్పటికప్పుడు సర్దుకుంటే గాలి వాల్వ్ గుండానే పోతోంది.

కొన్ని కొత్త ఇంజన్లలో విడిగా వాల్వ్ ఉండదు, టాపెట్ కవర్‌లోనే రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. అది చిరిగితే ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయడమే కష్టమవుతుంది, తీయగానే ఈల ఆగిపోతుంది. వీటిలో చాలావాటికి కవర్ మొత్తం మార్చాల్సి వస్తుంది, ఖర్చు వేలల్లోకి పోతుంది.

ఘాట్ దిగాక నీలం పొగ

మన్ననూరు దాటి శ్రీశైలం వైపు గేరులో దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు ఉండదు, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బాగా పెరుగుతుంది. తెరుచుకుపోయిన వాల్వ్ అప్పుడు ఆయిల్ తుంపర్లను కూడా లాగేస్తుంది. కింద మళ్లీ రేస్ ఇవ్వగానే వెనక నీలం పొగ గుప్పున వస్తుంది. వాల్వ్ స్టెమ్ సీళ్లు (ఇంజన్ హెడ్‌లోని వాల్వుల కాడలకు ఉండే రబ్బరు సీళ్లు) పోయినా ఇలాగే ఉంటుంది. కాకపోతే సీళ్లు పోయిన బండి రాత్రంతా ఆగి పొద్దున మొదటి స్టార్ట్‌లో కూడా పొగ వదులుతుంది. థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్‌తో గాలి దారి తెరిచే భాగం) తర్వాతి ఇన్‌టేక్ పైపు విప్పి చూడండి. లోపల ఆయిల్ నిలిచి ఉంటే ముందు పీసీవీ సంగతి తేల్చుకోండి.

ఆయిల్ మూత కింద తెల్లటి నురగ

ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండికి చలికాలంలో ఇది వస్తుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, ఆవిరి బయటికి పోదు. దారి మూసుకుపోతే ఇంకా ఎక్కువ. డిప్‌స్టిక్ మీద కూడా నురగ ఉండి, కూలంట్ తగ్గుతుంటే మాత్రం అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే ప్యాకింగ్) సమస్య కావచ్చు. బండి నడపకుండా చూపించండి.

డీజిల్ బండి అయితే

ఇక్కడ సాధారణంగా ఉండేది బ్రీదర్ (గ్యాసు బయటికి పోయే దారి), ఆయిల్ సెపరేటర్ (ఆ గ్యాసులోంచి ఆయిల్‌ను వేరు చేసేది). అది మూసుకుంటే టర్బో నుంచి చాంబర్‌లోకి ఆయిల్ దిగడం కష్టమై, టర్బో సీళ్ల దగ్గర కారుతుంది. టర్బో మార్చమంటే ముందు బ్రీదర్ శుభ్రం చేయించి చూడండి.

వాల్వ్, హోస్ మార్చినా అట్ట ఎగురుతుంటే

అప్పుడు కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ఎంత ప్రెషర్ వస్తోందో కొలవడం) అడగండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె బాగా పెరిగితే రింగులు లేదా బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. పెరగకపోతే హెడ్ వాల్వులో, గ్యాస్కెట్టో. రెండు అంకెలూ కాగితం మీద రాయించుకున్నాకే ఇంజన్ దింపడానికి ఒప్పుకోండి.