ఇన్నేళ్లు ఇంట్లో ఉండి ఇప్పుడు ఉద్యోగంలో చేరాలంటే ఎలా? అమీర్‌పేట వెళ్లేముందు చేయాల్సినవి

ఉద్యోగం చేద్దాం అని అనిపించగానే మన హైదరాబాద్‌లో చాలామంది చేసే మొదటి పని, అమీర్‌పేట వెళ్లి మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టేయడం. పక్కింటావిడ కూతురు పైథాన్ నేర్చుకుంది కాబట్టి మనమూ పైథాన్, తోడికోడలు మెడికల్ కోడింగ్ (ఆస్పత్రి రికార్డులకి కోడ్లు వేసే పని) అంది కాబట్టి మనమూ అదే. నన్నడిగితే కోర్సు నాలుగో మెట్టు. ముందు టైమ్ చూసుకోవాలి, తర్వాత కాగితాలు, ఆ తర్వాత ఏ ఉద్యోగమో తేల్చుకోవాలి, అప్పుడు కోర్సు. వరస తప్పితే ఫీజు పోతుంది, సగంలో ఆపేసి "ఇక నావల్ల కాదులే" అనుకోవడం ఒకటి అదనం.

స్టెప్ 1: ముందు గంటలు లెక్కేసుకోండి

పేపర్ మీద రాయండి, ఫోన్‌లో వద్దు, పేపరైతే ఫ్రిజ్‌కి అంటించొచ్చు, ఇంట్లో అందరి కళ్లా పడుతుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి మీరు చేసే పనులన్నీ రాయండి, టిఫిన్, బాక్సులు, నల్లా వచ్చే టైమ్, స్కూల్ బస్సు, అత్తమ్మ మందులు, గ్యాస్ బండ, పనామె రాని రోజు గిన్నెలు, అన్నీ. ఇప్పుడు ఒక్కో పని పక్కన ఇంకెవరి పేరైనా రాయగలరేమో చూడండి. ఎవరి పేరూ రాయలేని పనికి డబ్బులిచ్చి మనిషిని పెట్టుకోవాలి, లేదంటే ఆ పని మానేయాలి, మూడో దారి లేదు.

ఇంట్లో చెప్పేటప్పుడు "నేను జాబ్ చేయనా?" అని అడిగితే "ఇప్పుడెందుకు, మనకేం తక్కువైంది" అనే మాటే వస్తుంది. అదే "జూన్ నుంచి నేను ఎనిమిదిన్నరకల్లా బయల్దేరాలి, చిన్నోడిని బస్సు ఎక్కించేది మీరా, మామయ్యా?" అని అడిగితే అప్పుడు మాట పని మీదకి వస్తుంది. ఒప్పుకుంటారా లేదా అన్నది వేరే సంగతి, కానీ కనీసం అసలు విషయం మాట్లాడతారు.

ట్రాఫిక్‌ని కూడా ఇక్కడే లెక్కలో వేయాలి. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీస్ అంటే మెట్రోలో అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ ఆటోనో బస్సో పట్టుకోవాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి స్కీమ్‌లో ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బులు లేవు, తెలంగాణ అడ్రస్ ఉన్న ఐడీ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. మెట్రో రైలుకి మాత్రం డబ్బులు కట్టాల్సిందే, పేరు ఒకేలా ఉండేసరికి కొందరు కన్‌ఫ్యూజ్ అవుతుంటారు. నా సలహా అయితే మొదటి ఉద్యోగం ఇంటికి దగ్గర్లో, జీతం కాస్త తక్కువైనా సరే. గ్యాప్ తర్వాత మొదటి ఏడాది కావాల్సింది అనుభవం, పెద్ద జీతం రెండో ఉద్యోగంలో చూసుకోవచ్చు.

స్టెప్ 2: కాగితాలు బయటికి తీయండి

ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు, చివరికి ఆఫర్ వచ్చాక ఇక్కడే ఇరుక్కుంటారు. టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాన్‌లో ఇంటిపేరు విడదీసి పూర్తిగా, పాస్‌బుక్‌లో ఉత్త ఇనిషియల్. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు. కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో, పీఎఫ్ కేవైసీలో ఇదంతా బయటపడుతుంది.

ఏది మార్చాలి అంటే, టెన్త్ మెమో జోలికి పోకండి, అదే పునాది అనుకోండి. పెళ్లయితే పేరు మార్చుకుని తీరాలని చట్టంలో ఎక్కడా లేదు కాబట్టి, సర్టిఫికెట్లలో ఉన్న పేరుకే ఆధార్, పాన్ తెచ్చుకోవడం చాలామందికి తేలిక. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే, అందుకని స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసుకుని ఇవ్వండి. అత్తింటి పేరే ఉంచుకుంటాను అంటే మ్యారేజ్ సర్టిఫికెట్ తప్పకుండా కావాలి, పెళ్లి రిజిస్టర్ చేయించుకోకపోతే ఇప్పుడే ఆ పని పెట్టుకోండి. డిగ్రీ ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో పోయి ఉంటే డూప్లికేట్ కోసం యూనివర్సిటీకి ఈరోజే అప్లై చేయండి, ఆఫర్ వచ్చాక అప్లై చేస్తే చేతికందేసరికి జాయినింగ్ డేట్ దాటిపోవచ్చు.

ఇంకొకటి, మీ బ్యాంక్ అకౌంట్‌కి, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ ఎవరిది? చాలా ఇళ్లల్లో ఆయనదే ఉంటుంది, ఓటీపీ కోసం ఆయన మీటింగ్‌లో ఉన్నప్పుడు ఫోన్ చేసి అడగాలి. మీ నంబర్ పెట్టించుకోండి, సొంతంగా ఒక ఈమెయిల్ కూడా, పేరుతో నీట్‌గా. పెళ్లికి ముందు ఉద్యోగం చేసి ఉంటే ఆ పాత పీఎఫ్ సంగతి కూడా చూడండి. యూఏఎన్ నంబర్లు (ఎన్ని ఉద్యోగాలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబర్) 2014లో వచ్చాయి, అంతకుముందు మానేసిన వాళ్ల దగ్గర పాత పీఎఫ్ అకౌంట్ నంబరే ఉంటుంది, పాత పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్ పారేయకండి.

స్టెప్ 3: ఏ ఉద్యోగమో తేల్చుకోండి

జాబ్ సైట్లలో మీకు కాస్త సరిపోతాయనిపించే ప్రకటనలు ఓ పాతిక తీసి, వాళ్లు ఏం అడుగుతున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నాలుగు రోజుల్లోనే తెలిసిపోతుంది ఏ మాటలు పదే పదే వస్తున్నాయో, ఎక్సెల్, టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్‌టీ, ఇంగ్లీష్ మాట్లాడటం, ఇలా. ఊహించుకుని కోర్సు కట్టడం కన్నా ఇది నయం.

ముందే ఐటీలోనో కార్పొరేట్‌లోనో చేసి మానేసిన వాళ్లైతే మళ్లీ ఫ్రెషర్‌గా మొదలుపెట్టాల్సిన పని లేదు. గ్యాప్ తీసుకున్న ఆడవాళ్ల కోసమే పెద్ద కంపెనీలు ప్రోగ్రాములు పెట్టాయి, టీసీఎస్‌లో రీబిగిన్, ఇన్ఫోసిస్‌లో రీస్టార్ట్ విత్ ఇన్ఫోసిస్, విప్రోలో బిగిన్ అగైన్, యాక్సెంచర్‌లో కెరీర్ రీబూట్, అమెజాన్‌లో రీకిండిల్. టాటా వాళ్లైతే 2008లోనే ఇలాంటిది మొదలుపెట్టారు. కంపెనీ కెరీర్స్ పేజీలోనే చూడండి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లింకులు నొక్కకండి.

చిన్న పిల్లలున్న వాళ్లకి స్కూల్ ఉద్యోగం ఇష్టం, ఎందుకంటే సెలవులు కలిసొస్తాయి. తెలంగాణలో స్కూళ్లు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి మార్చి, ఏప్రిల్‌లోనే తిరగాలి, జూన్‌లో వెళ్తే ఎవరో మధ్యలో మానేసిన పోస్టు దొరికితే దొరికినట్టు. క్లాస్ టీచర్‌గా నిలబడాలంటే బీఈడీ లాంటి టీచర్ ట్రైనింగ్ ఉండాలి, బీఈడీ అయితే మామూలుగా రెండేళ్లు. లేనివాళ్లు ప్లేస్కూల్, ఫ్రంట్ ఆఫీస్, లైబ్రరీ, అకౌంట్స్ అడగండి. మీ పిల్లలు చదివే స్కూల్‌నే ముందు అడగండి, వాళ్లకి మీరెవరో తెలుసు.

బీకాం వాళ్లకి టాలీ, జీఎస్‌టీ పని ఎక్కడైనా ఉంటుంది, చిన్న ఆడిటర్ ఆఫీసులో చేరితే నేర్చుకున్నట్టూ ఉంటుంది. మెడికల్ కోడింగ్ బయాలజీ, ఫార్మసీ, నర్సింగ్ చదివినవాళ్లకి బాగా కుదురుతుంది, మిగతావాళ్లు ఫీజు కట్టేముందు కంపెనీలు ఏ డిగ్రీ అడుగుతున్నాయో ఆ పాతిక ప్రకటనల్లో మళ్లీ ఒకసారి చూడండి. టెన్త్ పాసైతే చాలు అనేదాంట్లో ఎల్ఐసీ బీమా సఖి (పాలసీలు చేయించే ఏజెంట్ పని) ఉంది, 2024 డిసెంబర్‌లో మొదలైంది, 18 నుంచి 70 ఏళ్ల ఆడవాళ్లకి, మొదటి ఏడాది నెలకి 7,000 స్టైపెండ్. అది జీతం కాదండోయ్, టార్గెట్లు ఉంటాయి, చుట్టాల లిస్ట్ అయిపోయాక అసలు పని మొదలవుతుంది, జనంలో తిరిగి మాట్లాడే చొరవ ఉంటేనే దిగండి.

చదువు మధ్యలో ఆగిపోయిన వాళ్లకి జూబ్లీహిల్స్‌లో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, 1982లో పెట్టారు, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. టెన్త్, ఇంటర్ కోసం అయితే తెలంగాణ ఓపెన్ స్కూల్.

సొంతంగా పచ్చళ్లో, టైలరింగో పెట్టుకుంటాను అనేవాళ్ల కథ వేరే, దానికే ఇంకో ఆర్టికల్ కావాలి. క్లుప్తంగా చెప్తే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆన్‌లైన్‌లో ఫ్రీ, దానికి ఎవరికీ డబ్బులివ్వకండి, తినే వస్తువులైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి, కేంద్రం వాళ్ల ముద్రా పథకంలో శిశు లోన్ 50,000 దాకా ఇస్తారు, రాష్ట్ర ప్రభుత్వం 2018లో వ్యాపారం పెట్టుకునే ఆడవాళ్ల కోసం పెట్టిన వీ హబ్ సిటీలోనే ఉంది.

స్టెప్ 4: ఇప్పుడు కోర్సు

ఇక అమీర్‌పేట వెళ్లండి, కానీ చేతిలో ఆ నోట్‌బుక్ ఉండాలి. డెమో క్లాస్ కూర్చోకుండా ఫీజు కట్టొద్దు. డెమో చెప్పిన సారే రోజూ చెప్తాడా, క్లాస్ మిస్సైతే రికార్డింగ్ ఇస్తారా, ఫీజు రెండు మూడు సార్లుగా కట్టొచ్చా అడగండి. వంద శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు ఉంటే పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లు ఎక్కడ చేస్తున్నారో అడగండి, ఆ ప్రశ్నకి నీళ్లు నమిలితే మెట్లు దిగి వచ్చేయండి. అంత ఫీజు పెట్టలేని వాళ్లకి సెట్విన్ సెంటర్లు ఉన్నాయి, గవర్నమెంట్‌దే, టైలరింగ్, బ్యూటీషియన్, కంప్యూటర్ అన్నీ నేర్పిస్తారు. ఇంట్లో కూర్చుని చూసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైట్ స్వయంలో క్లాసులు ఫ్రీ, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

మూడు నెలలు దాటే కోర్సు మొదట్లోనే వద్దు. నేర్చుకుంటూనే అప్లై చేయాలి, మొత్తం వచ్చాక చూద్దాం అనుకుంటే ఆ రోజు రాదు.

స్టెప్ 5: రెజ్యూమే, ఇంటర్వ్యూ

గ్యాప్‌ని దాచొద్దు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అని ఒక్క లైన్‌లో రాసేయండి. "హోమ్ మేనేజర్", "ఫ్యామిలీ సీఈఓ" లాంటివి నెట్‌లో చూసి పెట్టకండి, హెచ్ఆర్ వాళ్లు నవ్వుకుంటారు. నిజంగా చేసినవి రాయండి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మెయింటెనెన్స్ లెక్కలు మీరు చూసి ఉంటే అది అకౌంట్స్ పనే, ఇంట్లో ట్యూషన్ చెప్పి ఉంటే ఎంతమందికి, ఏ క్లాసులో రాయండి. చీటీలు నడిపిన సంగతి మాత్రం రాయకండి, రిజిస్టర్ కాని చీటీకి చట్టం ఒప్పుకోదు.

ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే రెండు వాక్యాలు చాలు: "పిల్లలు చిన్నవాళ్లని మానేశాను. ఇప్పుడు వాళ్లని చూసుకునే ఏర్పాటు ఉంది, టాలీ నేర్చుకున్నాను, వచ్చే నెల నుంచి రాగలను." అంతే, ఆగిపోండి. సారీ చెప్తున్నట్టు పావుగంట వివరిస్తే వాళ్లకి లేని అనుమానం వస్తుంది. అద్దం ముందు కాకుండా ఎవరైనా మనిషి ముందు ప్రాక్టీస్ చేయండి, కాలేజీ చదివే మేనకోడలు దొరికితే ఇంకా మంచిది, వాళ్లు మొహమాటం లేకుండా చెప్తారు.

"ఉద్యోగం ఇస్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి", "ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ", "టెలిగ్రామ్‌లో లైకులు కొడితే డబ్బులు" అనేవన్నీ మోసాలే. డబ్బులు పోతే ఇంట్లో తిడతారని దాచుకోకుండా ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

స్టెప్ 6: ఆఫర్ వచ్చాక

జీతంలోంచి డేకేర్, ఆటో, వంటమనిషి ఖర్చు తీసేసి ఎంత మిగులుతుందో చూడండి. మొదటి ఏడాది మిగిలేది తక్కువే ఉంటుంది, "ఈ మాత్రానికేనా" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, కానీ ఆ డేకేర్ ఖర్చు మీ ఒక్కరి జీతంలోంచే ఎందుకు తీయాలి? పిల్లలు ఇద్దరికీ పిల్లలే కదా.

ఆఫీసులో అడగాల్సినవి: 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం ఉండాలని చట్టం ఉంది, ఇక్కడ ఉందా? పదిమంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి కమిటీ ఉండాలి, అందులో ఎవరున్నారు? షిఫ్ట్ రాత్రి అయితే క్యాబ్ గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు దాకానా? నోటీస్ పీరియడ్ ఎంత, ఇంతకాలం మానకూడదని బాండ్ ఏమైనా ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటాం అంటే ఒప్పుకోకండి, ఒరిజినల్ చూపించి జిరాక్స్ ఇవ్వండి.

జాయినింగ్ డేట్ మీరు ఎంచుకోగలిగితే పిల్లల పరీక్షల నెల వద్దు. కనీసం ఒక వారం గడువు అడిగి ఆ వారం పిల్లల్ని డేకేర్‌కి పంపండి, మీరు ఆఫీస్ టైమ్‌కే బయల్దేరి బస్సులో ఆఫీస్ గేటు దాకా ఒకసారి వెళ్లి రండి, సోమవారం పొద్దునైతే మరీ మంచిది, ట్రాఫిక్ అసలు రూపం అప్పుడే తెలుస్తుంది.