పొద్దున ఒక్క సెల్ఫ్‌కే పలికే పాత కారు వేడి మీద మొండికేస్తే

పాత కార్బ్యురేటర్ (పెట్రోల్ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) కారు ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకసారి ఇది తప్పదు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది, గంటసేపు హాయిగా నడుస్తుంది. పావుగంట ఆపి వచ్చి తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ అందుకోదు. టెన్షన్‌లో కార్బ్యురేటర్ స్క్రూలు తిప్పేయకండి. ముందు ఒక స్పార్క్ ప్లగ్గు (ఇంజన్‌లో నిప్పురవ్వ కొట్టేది) విప్పి చూడండి.

ప్లగ్గు తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తోందా? ఇంజన్ ఆపాక కింది వేడికి కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ బౌల్‌లోనిది మరిగి, ఇంజన్‌లోకి వెళ్లే మానిఫోల్డ్ గొట్టంలోకి దిగిపోయిందన్నమాట. ప్లగ్గు మళ్లీ బిగించి, చోక్ ముట్టుకోకుండా యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. పదేపదే తొక్కితే ఇంకా పెట్రోలు పోతుంది. ఇది రోజూ జరుగుతుంటే కార్బ్యురేటర్ కింద వేడిని ఆపే మందపాటి స్పేసర్ వేయించాలి.

ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. పైపులోనో పంపులోనో ఆవిరి బుడగలు అడ్డుపడి ఉంటాయి. బానెట్ ఎత్తి చల్లారనివ్వండి, ఆ తర్వాత పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా జరపండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు పైపుల్ని మెత్తబరిచి పగలగొడుతుంది. వాటిని మార్చడం వాయిదా వేయొద్దు, మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

పెట్రోలు సరిగ్గానే ఉంటే ఇక స్పార్క్ చూడాలి. నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. పెట్రోలు తడికి దూరంగా, పొడి ప్లగ్గు ఒకటి పెట్టి చూస్తే పల్చగా, నారింజ రంగులో నిప్పురవ్వ కనిపించింది. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే, లోపల కరెంటుని కలిపి తెంచే పాయింట్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. తప్పు, పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సర్‌ది. చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, వేడెక్కాక చేతులెత్తేయడం దాని పద్ధతి. కొత్తది వేశాక రవ్వ నీలంగా, టప్పున కొట్టింది. ఆ చప్పుడు వినడంలో ఉన్న ఆనందమే వేరు! పాయింట్ల సందు చాలా కార్లలో 0.4 మి.మీ. దగ్గర ఉంటుంది, అయినా మీ కారు మాన్యువల్‌లోని కొలతే పెట్టండి.

ప్లగ్గులకి కావాల్సిన ఎక్కువ వోల్టేజీని పుట్టించే కాయిల్‌ని కూడా వేడి మీదే కొలవాలి. బల్లాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించేది) లేని 12 వోల్టుల కారులో కాయిల్ ప్రైమరీ చుట్ట సుమారు 3 ఓమ్‌లు, ఉన్నదాంట్లో 1.5 దగ్గర చూపిస్తుంది. బల్లాస్ట్ లేని కారుకి 1.5 ఓమ్‌ల కాయిల్ తగిలిస్తే పాయింట్లు త్వరగా మాడిపోతాయి.

స్టార్టింగ్‌తో సంబంధం లేకపోయినా ఇంకో పాత కారు మాట. 1955లో పారిస్‌లో తొలిసారి చూపించిన, ఆయిల్ ప్రెషర్‌తో సస్పెన్షన్ పనిచేసే సిట్రోయెన్ డీఎస్ మీ దగ్గరుంటే మీరు అదృష్టవంతులు. ఇంజన్ నడుస్తూ కారు నిలబడి ఉన్నప్పుడు కొద్ది సెకన్లకోసారి టిక్కుమంటోందంటే, ప్రెషర్‌ని దాచే గోళంలో నైట్రోజన్ అయిపోయిందనే అనుమానించాలి. గ్యాస్ నింపించండి లేదా గోళం మార్పించండి. ఆ హైడ్రాలిక్ ఆయిల్ పోసే ముందు రంగు తప్పక చూడండి. ఎర్ర ఆయిల్ కార్లు వేరు, తర్వాత వచ్చిన ఆకుపచ్చ ఆయిల్ కార్లు వేరు. ఒకదాంట్లో ఇంకొకటి పోస్తే లోపలి సీళ్లన్నీ పాడైపోతాయి.