నాలుగు ముక్కలు, ఒకే పొడవు

ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థలో పుట్టిన స్టార్‌పియూ, పనిని టాస్కులుగా తీసుకుని సీపీయూ, జీపీయూలకు పంచే సాఫ్ట్‌వేర్. దాని కోసం మొదటి సీపీయూ కర్నెల్, అంటే టాస్క్ పనిని సీపీయూ మీద చేసే ఫంక్షన్, రాశాను. పని చిన్నదే: 1000 సంఖ్యల వెక్టర్‌ను (వరుసను) రెండుతో గుణించడం. ఒకే టాస్క్‌గా ఇస్తే బాగానే వచ్చింది. నాలుగు ముక్కలు చేసి ఇచ్చేసరికి నడిపిన ప్రతిసారీ ఒక్కో జవాబు. టెన్షన్!

టాస్కులను నడిపే వర్కర్లను ఒకటికి తగ్గించి, వెక్టర్ నిండా 1 నింపి చూశాను. మొదటి 250 చోట్ల 2, తర్వాత 4, ఆపైన 8, చివర 16. దొంగ దొరికాడు. కర్నెల్ లూప్‌లో ముక్క పొడవుకు బదులు 1000 అని నేనే రాసేశాను. ప్రతి టాస్కూ తన ముక్క దగ్గర మొదలై పక్కవాటిలోకి దూరిపోతోంది. వెక్టర్ దాటి ఎవరి మెమరీనో తొక్కినా క్రాష్ కాలేదు, అదే విచిత్రం.

కర్నెల్‌కు అందే బఫర్ (టాస్క్ డేటా వివరం) నుంచి పాయింటర్‌తో, అంటే ముక్క మొదలయ్యే చిరునామాతో, పాటు పొడవు కూడా తీసుకోవాలి. దానికి స్టార్‌పియూ_వెక్టర్_గెట్_ఎన్ఎక్స్ అనే రెడీమేడ్ మాక్రో ఉంది. ఆ ఒక్క లైను మార్చాక అన్నిచోట్లా 2.